పుట్టి లెక్క

ఇంటర్ చదివే భార్గవి ఫిజిక్స్ లెక్క చేస్తున్నంతసేపూ జడ కొస కొరుకుతుంది. జవాబు సరిపోగానే నోటుబుక్కు టప్పున మూసేస్తుంది. నీళ్ళలో తేలే వస్తువుల పాఠం అయ్యాక, ధరూరు దగ్గర కృష్ణలో తండ్రి తాయప్ప నడిపే పుట్టిని, ఆ గుండ్రటి బుట్ట పడవను, టేపుతో కొలిచి లెక్క కట్టింది. తండ్రి కాక ఎనిమిది మందికి మించితే అంచు మునుగుతుందని తేలింది. ఈ పొద్దున అవతలి ఒడ్డున పత్తి ఏరడానికి పది మంది ఎక్కారు. వాళ్ళలో అమ్మ కూడా ఉంది.

"ఇద్దరు దిగాలె నాయినా. లెక్కల గట్లనే వచ్చింది," అంది భార్గవి.

"ఎవర్ని దిగుమంటవ్ బిడ్డా? మీ అమ్మనా?" అంటూ తాయప్ప తెడ్డు వేశాడు.

ఆమె ఒడ్డున కూర్చుని, జడ కొరుకుతూ మొదటి నుంచీ లెక్క చేసింది. మళ్ళీ ఎనిమిదే. పుట్టి ఇంకా నడి ఏట్లోనే ఉంది. నోటుబుక్కు మూయకుండా, ఈసారైనా తన తప్పు దొరకాలని మళ్ళీ మొదలుపెట్టింది.