అక్క కోసం చేసిన లైటు

అక్క చేసిన బీడీలను కార్ఖానా వాళ్లు పక్కన పడేయడం మొదలుపెట్టాకే ఆమె చూపు తగ్గిందని మా ఇంట్లో తెలిసింది. ఆకు వంకరగా కత్తిరిస్తోందని, కొసలు సరిగ్గా మడవడం లేదని ఫిర్యాదు. బావ పోయినప్పటి నుంచి ఎల్లారెడ్డిలో ఆ ఇల్లు నడిచింది ఆమె చేతుల మీదే. బీడీలు తీసుకోకపోతే ఆకూ ఇవ్వరు, తంబాకూ ఇవ్వరు. ఆమె ముందరి గదికి కిటికీ లేదు. మిట్ట మధ్యాహ్నం కూడా మసకగానే ఉండేది.

నాకు కామారెడ్డిలో కరెంటు సామాన్లు బాగుచేసే చిన్న దుకాణం ఉంది. అంతకు ముందు గల్ఫ్‌లో కొన్నేళ్లు అదే పని చేసి వచ్చాను. బజార్లో దొరికే బల్బు తెచ్చిస్తే సరిపోయేది. కానీ తమ్ముడు తన చేత్తో చేసి ఇచ్చాడని నలుగురూ అనుకోవాలని నా మనసులో ఉంది. ఒక పాత మిషను నుంచి రెక్కలున్న అల్యూమినియం పలక తీశాను. దాన్ని గరుకు కాగితంతో రుద్ది నునుపు చేశాను. ఎక్కువ వాట్ల ఎల్ఈడీ చిప్పులు వరుసగా పెట్టి, వేడి పలకలోకి దిగేలా కింద తెల్లటి పేస్టు పూసి, స్క్రూలు బిగించాను. తీగలకు టంకం పెట్టి, చిప్పులకు సరిపడా కరెంటు ఇచ్చే డ్రైవర్ డబ్బాను వెనక అమర్చాను. దుకాణంలో మొదటిసారి స్విచ్ వేసినప్పుడు ఎదుటి గోడ సున్నంలో పగుళ్లన్నీ కనిపించాయి. నా పనితనం చూసి నేనే మురిసిపోయాను.

దాన్ని దుప్పట్లో చుట్టి ఎల్లారెడ్డి బస్సెక్కాను. అక్క, ఆమెతో కూర్చుని బీడీలు చేసే పక్కింటి వదిన, ఇద్దరూ దాన్ని ఎగాదిగా చూశారు.

"ఏంది తమ్మీ, గిది లైటా, రోకలిబండనా? గింత బరువున్నది!"

"నీ తమ్ముడు పెండ్లి మండపానికి చేసిండు, పెండ్లి రద్దయితే నీకు తెచ్చిండు," అంది వదిన.

ఒళ్లో చాట పెట్టుకుని కూర్చుంటే వెలుతురు సరిగ్గా ఆకు మీద పడాలని, చేతికి అందేంత ఎత్తులో గొలుసుతో వేలాడదీశాను. ఇక తీగలు కలపడం మిగిలింది.

ఆ ఇంటి సంగతి ఇక్కడ చెప్పాలి. స్తంభం నుంచి ఇంటికి రెండు తీగలు రావాలి. ఒకదాంట్లో కరెంటు వస్తుంది, న్యూట్రల్ అనే రెండో తీగలో తిరిగిపోతుంది. బావ ఉన్నప్పుడు ఒక గాలివానకు ఆ న్యూట్రల్ తెగింది. అలాంటప్పుడు మా దిక్కు లైన్‌మన్ కోసం ఆగరు. వాకిట్లో గుంత తవ్వి, ఇనుప రాడ్డు పాతి, ఉప్పూ బొగ్గూ వేసి, ఆ ఎర్త్ తీగనే న్యూట్రల్ బదులు బోర్డుకు కలిపేస్తారు. లైట్లు వెలుగుతాయి. ఎండలకు మన్ను ఎండి వెలుతురు తగ్గితే గుంతలో బిందెడు నీళ్లు పోస్తారు. అక్క ఇంట్లో అలా కలిపింది నేనే. రేపో మాపో లైన్‌మన్‌ను పిలుద్దామన్నాను. పిలవలేదు.

కరెంటుతో నడిచేది ఇనుప సామానైనా అల్యూమినియం సామానైనా దాని ఒంటికి ఎర్త్ తీగ కలపాలి. గల్ఫ్‌లో అది కలపకపోతే పనిలోంచి తీసేసేవారు. ఈ లైటు పలకకు నేనూ కలిపాను. కానీ ఆ ఇంట్లో ఎర్త్ తీగ ఇంటి కరెంటంతా మోస్తోంది. గుంత ఎండిందంటే భూమిలోకి దిగలేని కరెంటు ఆ తీగకు తగిలించిన ప్రతి సామానుకూ ఎక్కుతుంది. ఆ రోజు ఈ మాట గుర్తుకు రాలేదని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. గుర్తుకొచ్చింది. స్క్రూ బిగిస్తుండగానే వచ్చింది. న్యూట్రల్ సరిచేయాలంటే లైన్‌మన్‌ను వెతకాలి, ఇంకో రోజు రావాలి. వదిన ఎదురుగా కూర్చుని చూస్తోంది. స్విచ్ వేసి అక్క ముఖం చూడాలని నాకు తొందర. బిగించేశాను.

గది తెల్లబడింది. అక్క ఒక బీడీ చుట్టి, కొస మడిచి, కండ్ల దగ్గరికి తెచ్చుకోకుండానే చూసి నవ్వింది. తర్వాత పలకను కొంచెం వంచబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"తమ్మీ, చెయ్యి జుమ్మన్నది."

"జుమ్మనక ఏమంటది? పొద్దుగాల్నుంచి బీడీలు చేస్తలేవా!" అన్నాను. వదిన నవ్వింది. అక్క కూడా నవ్వేసింది.

ఎండలు ముదిరాయి. అక్క తన ఆడబిడ్డ కూతురి పెండ్లికని భిక్నూర్ వెళ్లి, ఉండి వచ్చింది. గుంతలో నీళ్లు పోసేవాళ్లు లేక మన్ను ఎండిపోయింది. వచ్చిన రోజే కూలర్ పెట్టుకుని, ఆకు తడిపి, గోనెపట్టాలో చుట్టి, పనికి కూర్చుంది. వెలుతురు తగ్గిందని లేచి, ఆకు మీదికి వంచుదామని తడి చేత్తోనే పలకను పట్టుకుంది. చెయ్యి అతుక్కుపోయింది. వదిన అరుస్తూ చీపురుకట్టతో కొట్టినా ఊడలేదు. ఆమె బోర్డు దగ్గరికి ఉరికి మెయిన్ దించాక అక్క పడిపోయింది.

కామారెడ్డి ఆసుపత్రిలో ప్రాణం దక్కింది. కుడి అరచెయ్యి కాలి, మానేటప్పుడు వేళ్లు లోపలికి ముడుచుకుపోయాయి. ఆ వేళ్లతో ఆకు చుట్టడం ఇక కాదని డాక్టర్ చెప్పాడు. చూడవచ్చిన వాళ్లందరూ, "తడి చేతులతోని కరెంటు ముట్టుకుంటరా?" అన్నారు. మంచం పక్కన నిలబడి, "అదే కదా," అన్నాను. ఆ మాట అక్క వింది. తర్వాత ఎవరడిగినా తలవంచుకుని, "నాదే తప్పు," అని చెప్పేది. ఆమె ఆసుపత్రిలో ఉండగానే నేను ఎల్లారెడ్డి పోయి, లైన్‌మన్‌ను తెచ్చి న్యూట్రల్ కలిపించి, లైటు విప్పి తీసుకొచ్చాను. ఎవరికీ చెప్పలేదు.

వానాకాలంలో ఒకసారి పోయినప్పుడు, ఆమె ఎడమ చేత్తో అన్నం కలుపుకుంటూ, కూర కిందపడితే నా వైపు చూసి, "నా తెలివితక్కువకు నీ మంచి లైటు గూడ ఖరాబైంది తమ్మీ," అంది. ఇక నా వల్ల కాలేదు. అంతా చెప్పాను. తీగ సంగతి, స్క్రూ సంగతి, మంచం పక్కన అన్న మాట సంగతి.

ఆమె కింద పడ్డ కూరను ఎడమ చేత్తో ఎత్తి పళ్లెం అంచున పెట్టింది. తిట్టలేదు, ఏడవలేదు. తర్వాత అడిగింది.

"గిట్ల ఇంకెవరింట్ల కలిపినవ్?"

ఆ ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు. ఎల్లారెడ్డిలో కలిపాను, చుట్టుపక్కల ఊళ్లలో కలిపాను. గుర్తున్న ఇండ్లు చెప్పాను. అక్క పళ్లెం పక్కకు జరిపి, చెయ్యి కడుక్కుని చెప్పులేసుకుంది.

"నడువు."

ఆ ఎర్త్ తీగ విప్పి, లైన్‌మన్‌తో న్యూట్రల్ కలిపిస్తానంటే మొదటి ఇంట్లో ముసలవ్వ సరేనంది. రెండో ఇంటి ఆసామి గడపలోనే అడ్డం నిలబడ్డాడు.

"నువ్వే కలిపినవ్, నువ్వే బాగలేదంటున్నవ్. ఇన్నేండ్లు కానిది ఇప్పుడేమైతది? గిరాకీ లేదా నీకు?"

అక్క కొంగు కింద దాచుకున్న చెయ్యి బయటికి తీసింది. ముడుచుకుపోయిన వేళ్లను ఆయన ముఖం ముందు పెట్టింది.

"గిదైతది," అంది. "మా తమ్ముడే చేసిండు."

అతను ఆ చేతినీ, నన్నూ మార్చి మార్చి చూశాడు. గడప వదిలి పక్కకు జరిగాడు. లోపలికి పోయి మెయిన్ దించి బోర్డు విప్పాను. అక్క లోపలికి రాలేదు. పని అయి నేను బయటికొచ్చేసరికి ఆమె తర్వాతి ఇంటి ముందు నిలబడి తలుపు కొడుతోంది, ఎడమ చేత్తో.