పక్క కుర్చీకి కనిపించే తెర

సికింద్రాబాద్ కార్ఖానా పేటలో ఎమిలీ టీచరు స్కూటరు వస్తుంటే వీధికుక్కలు కూడా లేచి పక్కకు తప్పుకునేవని చెప్పుకుంటారు. అబద్ధమేమీ కాదు. బాపట్ల నుంచి కోడలిగా సికింద్రాబాద్ వచ్చిన ఏడాదే ఆమె బండి నేర్చేసుకుంది. భర్త పేతురు మాత్రం నేర్చుకోలేదు. రైల్వే ఆఫీసులో గుమాస్తా, చర్చి క్వయిర్‌లో అందరికంటే గంభీరమైన గొంతు, ఆదివారం బడికి పెద్ద, ఇన్ని ఉన్నా హ్యాండిల్ పట్టుకోమంటే చాలు, మనిషికి చెమటలు పట్టేవి. అందుకని కాపురం మొదలైనప్పటి నుంచీ ఆమె ముందు, ఆయన వెనక. వెనక కూర్చున్న మనిషి ఊరుకుంటాడా? ఎడమకు తిప్పమనీ, బస్సు వస్తోంది చూడమనీ, గుంతలో దించావు కదా నా నడుం ఇరిగిందనీ, మోండా మార్కెట్‌కు వెళ్ళి వచ్చేదాకా నోరు మూసేవాడు కాదు. ఎమిలీ అన్నిటికీ ఊ కొట్టి, తనకు తోచినట్టే తోలేది.

రెండేళ్ళ కిందట పేతురుకు పక్షవాతం వచ్చింది. కుడి కాలూ చెయ్యీ మెల్లగా దారికొచ్చాయి. మాటే రాలేదు. అంటే బొత్తిగా రాక కాదు, మాట నాలుక మీదికి వచ్చి అక్కడే చతికిలబడేది. ఒక్కో అక్షరాన్ని తోసుకుంటూ బయటికి తేవాలి. అంత గొంతున్న మనిషికి అది చచ్చేంత సిగ్గు. ఇంటికి ఎవరైనా వస్తే కళ్ళు మూసుకుని నిద్ర నటించేవాడు. చర్చిలో పాట మొదలైతే పెదవులు బిగించుకుని పాటల పుస్తకంలోకి చూసేవాడు. ఎమిలీతో కూడా నీళ్ళు, చాలు, వద్దు, అంతే. చిన్న చిన్న మాటలు రోజూ పలికించమని ఆసుపత్రిలో చెప్పి పంపారు. ఎమిలీ టీచరు బుద్ధి ఎక్కడికి పోతుంది? బొమ్మల అట్టలు తెచ్చి ఒకటో తరగతి పిల్లాడికి చూపించినట్టు ముందు పట్టుకుంది. పేతురు వాటిని ఒక్క తోపు తోసేసి గోడవైపు తిరిగాడు. ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉండగలదని ఆమెకు అప్పుడే తెలిసింది. ఆ నిశ్శబ్దమంటే ఆమెకు భయం వేసింది.

వాళ్ళను గట్టెక్కించింది, నవ్వకండి, కారు పందెం ఆట. కూతురు షెకీనా పెళ్ళయి మల్కాజిగిరి వెళ్ళేటప్పుడు అక్కడ చోటు చాలదని తన గేమింగ్ కంప్యూటరునూ, దానికి తగిలించే స్టీరింగునూ అమ్మ దగ్గర వదిలి వెళ్ళింది. రిటైరై ఏమీ తోచని ఎమిలీ ఒక మధ్యాహ్నం దాన్ని తెరిచింది. కొండదారుల్లో, అడవిదారుల్లో ఒక్కో కారే పరుగెత్తే పందెం అది. పక్క సీట్లో ఒక మనిషి కూర్చుని ముందు వచ్చే మలుపులు చెబుతూ ఉంటాడు. ఆ చెప్పేవాడి ఇంగ్లీషు ఎమిలీకి ఒక్క ముక్క అర్థం కాలేదు. విసుగొచ్చి వాడి నోరు నొక్కేసి, పడక కుర్చీలో ఉన్న పేతురుతో మీరే చెప్పండి అంది. ఆయన పలకలేదు. ఆమె కారును తీసుకెళ్ళి నేరుగా చెట్టుకు కొట్టింది. మళ్ళీ కొట్టింది. మూడోసారి కొట్టబోతుంటే పక్క నుంచి "కు... కుడి" అని వినిపించింది.

అంతే, ఇక రోజూ సాయంత్రం టీ తాగి ఇద్దరూ బండెక్కడమే. కుడి, ఎడమ, ఆపు, గుంత, మెల్లగా. నెలలు గడిచేసరికి ఆ మాటలు తడబడకుండా వస్తున్నాయి. మధ్యలో తిట్లు కూడా మొదలయ్యాయి. తిట్టించుకోవడం కోసం ఎమిలీ కావాలనే అప్పుడప్పుడు కాలవలో దించేది. వాళ్ళు రోడ్డు మీద ఉన్నప్పుడు కూడా ఇంత సంతోషంగా లేరేమో.

సరిగ్గా అప్పుడు మానిటరు చచ్చిపోయింది. ముందు గీతలు పడ్డాయి, తర్వాత చీకటి. కొత్తది కొనాలి.

షెకీనా ఫోనులో చెప్పింది, అమ్మా, ఈసారి హెర్ట్జ్ ఎక్కువున్నది తీసుకో అని. సెకనులో తెర ఎన్నిసార్లు బొమ్మను కొత్తగా గీస్తుందో ఆ లెక్క. పాతది అరవైసార్లు గీసేది, ఇప్పటివి రెండు వందల నలభైసార్లు గీస్తాయి, మలుపు ముందే తేటగా కనిపిస్తుంది. లెక్కల టీచరుకు ఇంతకంటే ఏం కావాలి? కళ్ళద్దాలు పెట్టుకుని వీడియోల మీద పడింది. అప్పటికి గానీ తెలియలేదు, హెర్ట్జ్ ఒక్కటే చూస్తే చాలదట, లోపలి ప్యానెల్ ఏ రకమో కూడా చూడాలట. టీఎన్ అనేది అన్నిటికంటే చురుకు, రంగులు మాత్రం కాస్త వెలవెల. వీఏ అనేదానిలో నలుపు కాటుకలా ఉంటుంది, కానీ చీకటి దారిలో జోరుగా వెళితే నీడలు సిరా అలికినట్టు సాగుతాయి. ఐపీఎస్‌లో రంగులు ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తాయి, చీకటే కొంచెం బూడిదరంగు కొడుతుంది. ఓలెడ్ అన్నిటికీ రారాజు, అయితే కదలని బొమ్మను గంటల తరబడి ఉంచితే దాని అచ్చు తెరమీద ఉండిపోవచ్చు. ఎమిలీ ఇంట్లో జనవరి ఒకటిన చర్చిలో ఇచ్చిన ఆ ఏడాది బైబిలు వాగ్దానవాక్యం పొద్దున్నుంచి ఆట మొదలయ్యేదాకా తెరమీదే ఉంటుంది. దాన్ని తీసేస్తే పేతురు ఒప్పుకోడు. కాబట్టి ఓలెడ్‌కు దండం పెట్టేసింది.

పార్క్ లేన్‌లో కంప్యూటర్ల దుకాణం నడిపే నాగూర్ బాషా ఒకప్పుడు ఎమిలీ టీచరు దగ్గర ఎక్కాలు అప్పజెప్పినవాడే. గడ్డం నెరిసింది, అయినా ఆమె గడప తొక్కితే ఇప్పటికీ లేచి నిలబడతాడు. ఎవరు ఆడతారు టీచరమ్మా అని అడిగాడు. ఇంకెవరు, నేనే అంది ఎమిలీ. వేగమే కావాలా, రంగులా అన్నాడు. వేగమే అంది. ఆమె తెర ఎదురుగా నిటారుగా కూర్చుని ఒక చుట్టు తోలి చూసింది. టీఎన్ మెరుపులా ఉంది. కట్టించుకుని ఆటోలో ఇంటికి తెచ్చేసింది.

వాళ్ళ చర్చి కుటుంబాల్లో కొత్త వస్తువు ఇంటికొస్తే, ఫ్రిజ్ అయినా సరే, కుట్టుమిషను అయినా సరే, అయ్యగారు వచ్చి ప్రార్థన చేయాల్సిందే. పాస్టర్ జ్ఞానశేఖర్ వచ్చారు, మానిటరు మీద చెయ్యి వేసి కృతజ్ఞతలు చెల్లించారు, మిక్స్చరు తిని టీ తాగి వెళ్ళారు. పేతురు చక్కగా తలవంచి ఆమెన్ కూడా అన్నాడు.

ఆ సాయంత్రం నుంచే మొదలైంది తంటా. ఎమిలీకి దారి అద్దంలా కనిపిస్తోంది, కారు చెప్పినట్టు వింటోంది. పేతురు మాత్రం మలుపు దాటాక చెబుతున్నాడు. ఎడమ ఉంటే కుడి అంటున్నాడు. వారం తిరిగేసరికి అదీ లేదు. అడిగితే నువ్వే తోలు అన్నట్టు ఎడమ చెయ్యి ఊపి, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. మళ్ళీ వచ్చిందా ఆ మాయదారి జబ్బు? డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. అంతా బాగానే ఉందన్నాడాయన. బాగుంటే మాట ఎందుకు పోతోంది? ఎవరిని అడగాలో తెలియక వంటింట్లోకి వెళ్ళి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడ్చి, ముఖం కడుక్కుని, ఏమీ జరగనట్టు టీ పెట్టింది.

ఒక మధ్యాహ్నం పేతురు స్నానానికి వెళ్ళాడు. ఎమిలీ చిక్కుడుకాయలు ఈనెలు తీయడానికి చాట పట్టుకుని ఆయన పడక కుర్చీలో జారగిలబడింది. ఆ కుర్చీ బల్లకు ఓ పక్కగా కిటికీ కింద ఉంటుంది. కాలు చాపుకోవాలి కాబట్టి ఆయనకు అదొక్కటే చోటు, అదీ నేలకు జానెడెత్తు. ఆమె కాయ తుంచుతూ తలెత్తి తెరవైపు చూసింది. చూసి, చాట పక్కన పెట్టేసింది. కాసేపు ఒంటరిగా తోలుదామని అప్పుడే తెరిచి ఆపిన ఆట అలాగే ఉంది గానీ, అక్కడ దారి లేదు, కొండ లేదు. ఆకాశం మసిబారిపోయింది, చెట్లు తెల్లగా మెరుస్తున్నాయి, పాతకాలపు ఫొటో నెగెటివ్‌లా ఉంది అంతా. లేచి నిలబడితే బొమ్మ మామూలుగా ఉంది. కూర్చుంటే మళ్ళీ నెగెటివ్. టీఎన్‌ను ఎదురుగా చూస్తేనే అందం, పక్క నుంచీ కింద నుంచీ చూస్తే రంగులు తిరగబడతాయని ఆ వీడియోల్లో చెప్పనే చెప్పారు. ఎదురుగా కూర్చునేదాన్ని నేనే కదా అని ఆమె ఆ ముక్క వదిలేసింది. ఇన్నేళ్ళు లెక్కలు చెప్పి, ఇంట్లో ఉన్నది ఇద్దరని లెక్క వేసుకోలేకపోయింది.

తువ్వాలు భుజాన వేసుకుని పేతురు వచ్చేసరికి ఎమిలీ ఇంకా ఆ కుర్చీలోనే ఉంది.

"ఏవండీ, మీకు ఇట్లా ఎప్పట్నుంచి కనిపిస్తోంది?"

"మొ... మొదట్నుంచి."

"మరి నోరు తెరిచి చెప్పొద్దా?"

పేతురు గోడ పట్టుకుని నిలబడ్డాడు. ఒక్కో మాటా కూడగట్టుకున్నాడు. "అయ్యగారు... ప్రార్థన జేసిండు. స్తోత్రం జెప్పినంక... సణగొద్దు."

ఎమిలీకి ఒళ్ళు మండింది. ఆ వెంటనే నవ్వొచ్చింది. నవ్వుతుంటే ఏడుపొచ్చింది. బైబిల్లో అరణ్యంలో దేవుడి మీద సణిగిన జనానికి ఏ గతి పట్టిందో ఆదివారం బడిలో పిల్లలకు చెప్పీ చెప్పీ, ఈ పెద్దమనిషి దాన్ని తన నెత్తికే చుట్టుకున్నాడు. సణగకుండా ఉండటానికి నెగెటివ్ చూస్తూ వారాలు గడిపాడు. ఇలాంటి మొగుణ్ణి ఏం చేయాలి?

ప్రార్థన చేసిన వస్తువును దుకాణానికి తిప్పి పంపొచ్చా అని ఆయన అనుమానం. ఎమిలీ అక్కడికక్కడే పాస్టరుగారికి ఫోను చేసి, స్పీకరు పెట్టి వినిపించింది. జ్ఞానశేఖర్ అయ్యగారు చాలాసేపు నవ్వారు. తాను ప్రార్థించింది ఆ ఇంట్లో మనుషుల కోసమనీ, ప్యానెల్ సంగతి దుకాణంవాడే చూసుకుంటాడనీ చెప్పారు.

మర్నాడు ఆటోలో ముగ్గురు బయల్దేరారు: ఎమిలీ, పేతురు, మధ్యలో మానిటరు పెట్టె. స్టీరింగు కూరల సంచిలో ఉంది. చర్చికి, ఆసుపత్రికి తప్ప పేతురు గడప దాటి చాలా కాలమైంది. దుకాణంలో నలుగురూ ఉంటారు, నేను ఆటోలోనే ఉంటానని సైగ చేశాడు. కళ్ళు మీవి, నేనెట్లా ఎంచేది అని ఆమె చెయ్యి పట్టుకుని దింపింది. సంగతంతా విని బాషా తల కొట్టుకున్నాడు.

"గీ ముచ్చట ఆ దినమే జెప్పాల్సింది టీచరమ్మా. పక్కన కూసునేటోళ్ళు సుత ఉన్నరంటే నేను టీఎన్ చేతికే ఇయ్యకపోదును. పరేషాన్ గాకుండ్రి, మార్చి ఇస్తా."

ఎమిలీ దుకాణం సరిచేయించింది. ఇంట్లో ఉన్నట్టే బల్లకు ఓ పక్కగా, పొట్టి స్టూలు మీద పేతురును కూర్చోబెట్టింది. బాషా ముందు వీఏ పెట్టాడు. అడవిలో చీకటి దారి. కారు జోరందుకోగానే చెట్ల నీడలు సాగిపోయాయి, పక్క నుంచి నలుపు కూడా వెలిసిపోయింది. పేతురు పెదవి విరిచి చెయ్యి అడ్డంగా ఊపాడు. అప్పటికే కాలేజీ పిల్లలు కొందరు వెనక చేరారు, పెద్దావిడ కారు పందెం ఆడుతోందంటే ఎవరికి చూడాలని ఉండదు? వాళ్ళను చూసి పేతురు ఇంకా ముడుచుకుపోయాడు. కళ్ళు మూసుకోబోతున్నాడని ఎమిలీకి తెలిసిపోయింది. వద్దండీ, మూసుకోకండి అని లోలోపలే వేడుకుంది.

బాషా ఐపీఎస్ పెట్టాడు. వాన కురిసిన కొండదారి. స్టూలు మీద పేతురు ముందుకు వంగాడు. ఎర్రమట్టి ఎర్రగా ఉంది, గడ్డి పచ్చగా ఉంది, వంక తిరిగిన చోట నీళ్ళు మెరుస్తున్నాయి. ఎమిలీ బయల్దేరింది. వెనక జనం ఉన్నారన్న బెరుకో, పక్క మనిషి మీద ధ్యాసో, రెండో మలుపులోనే చెయ్యి తప్పింది. ఈసారి కావాలని కాదు.

"ఎడమ... ఎడమంటున్న గదా, ఎటు జూస్తున్నవే? బ్రేకొత్తు ఎమిలీ, బ్రేకు! ఊరందరి పిల్లలకు లెక్కలు జెప్పినవు గానీ, నీకు ఎడమేందో కుడేందో ఇంకా తెల్వకపాయె!"

కారు వెళ్ళి కాలవలో పడింది. పిల్లలు పగలబడి నవ్వారు. రెండేళ్ళలో పేతురు ఒక్క ఊపున అన్ని మాటలు అనలేదు. పదిమందిలో అసలు నోరే విప్పలేదు. తానేం చేశాడో ఆయనకు అప్పుడే తెలిసినట్టుంది, నోరు తెరుచుకునే ఉండిపోయింది. ఎమిలీ వెనక్కి తిరగలేదు. తిరిగితే అందరి ముందూ బావురుమంటుందని భయం.

"ఇదే కట్టమంటరా టీచరమ్మా?" అన్నాడు బాషా.

"ఉండు బాషా. ఇదే ఎందుకు బాగుందో ముందు సార్‌ని చెప్పనీ."

పేతురు ఆమె వైపు చూశాడు, పిల్లల వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు. రంగుల దగ్గర మొదలుపెట్టాడు. మధ్యమధ్య ఆగుతూ, ఆగినచోట మళ్ళీ తోసుకుంటూ, వాన నీళ్ళు ఎలా మెరిశాయో చెప్పాడు, పక్క నుంచి మలుపు ఎంత ముందుగా తెలిసిందో చెప్పాడు. అక్కడి నుంచి ఈమె స్కూటరు మీద తన నడుం ఎన్నిసార్లు విరగ్గొట్టిందో ఎత్తుకున్నాడు. పిల్లలు స్టూలు చుట్టూ చేరారు. బాషా పెట్టె అంటించే టేపు చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తెరమీద కారు ఇంకా కాలవలోనే ఉంది. ఎమిలీ స్టీరింగు మీద చేతులు పెట్టుకుని వింటూ కూర్చుంది. బయటికి తీయాలని ఆమెకు ఏ కోశానా లేదు.