డ్రైవరు సీటు

ఇరవై రెండేళ్లుగా లారీ తోలుతున్న ఆయన, పని అడగడానికి ఏ కంపెనీకి వెళ్లినా ముందు ఆఫీసు గదిలో అడుగు పెట్టడు. నేరుగా లారీలు నిలిపిన చోటికి వెళ్లి, ఒక బండి తలుపు తీసి, డ్రైవరు సీటు మీద అరచెయ్యి ఆనించి గట్టిగా నొక్కుతాడు. స్ప్రింగు గుచ్చుకుంటే తలుపు మెల్లగా మూసి, జేబులోని లైసెన్సు తడుముకుంటూ, ఒక పక్కకు వంగిన నడుముతో తిరిగొచ్చేస్తాడు. మొన్న అలా వెళ్లిపోతుంటే ఒక యజమాని పిలిచి, మెత్తటి కుర్చీ చూపించి, "కూర్చోవయ్యా, జీతం మాట్లాడుకుందాం" అన్నాడు. "నేను రోజంతా కూర్చునేది ఇందులో కాదు కదండీ" అని ఈయన వచ్చేశాడు. అది ఆరో కంపెనీ. "కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి" అని సణుగుతూనే భార్య రోజూ ఆయన నడుముకు మందు రాస్తుంది.

ఈరోజు ఏడో కంపెనీ. యజమానురాలి కుర్చీకి ఒక చెయ్యే లేదు, విరిగిన కాలికి తాడు కట్టి ఉంది. లారీల్లో సీట్లు మాత్రం అన్నీ కొత్తవి. ఈయన లైసెన్సు తీసి బల్ల మీద పెట్టి, "ఎప్పట్నుంచి రమ్మంటారమ్మా?" అన్నాడు.

ఇంటికొచ్చి, "కుదిరింది, రేపే బండెక్కాలి" అన్నాడు.

"జీతమెంత?" అంది భార్య.

చెప్పులు విప్పుతున్నవాడల్లా ఆగిపోయాడు. "అయ్యో, అడగడమే మర్చిపోయా! డ్రైవరుకి కొత్త సీటు వేయించిన మనిషి జీతం ఎగ్గొట్టదులే."

ఆవిడ గట్టిగా ఏదో అనబోయి, అడుగంటిన మందు సీసా వంక చూసింది.

"సరే, బోర్లా పడుకోండి. ఇదే ఆఖరి సీసా కావాలి, చెబుతున్నా."