పదిహేను రోజుల మర్యాద

లేత్ మేస్త్రికి గొంతు పెద్దది. ముప్పై ఏళ్లు ఇనుము చిత్రిక పట్టే చప్పుడు మీద మాట్లాడినవాడికి ఇంకెలా ఉంటుంది? పెళ్లాన్ని మంచినీళ్లడిగితే పక్కింటివాళ్లు లేచి గ్లాసు వెతుక్కునేవారు. ఆవిడా తక్కువ తినలేదు, ఒకటంటే నాలుగు అంటించేది. ఆ కాపురం కేకల మీదే పచ్చగా సాగింది.

ఆవిడ రొమ్ములో గడ్డ తేలింది. ఆస్పత్రివాళ్లు ఆవిడకి మూడో కీమో ఎక్కిస్తూ, మేస్త్రిని రెండో అంతస్తుకి తోలారు. అక్కడ వారానికి రెండుసార్లు ‘రోగి సహచరుల మానసిక స్వస్థతా కార్యక్రమం’. ఆ పేరు పలికేసరికే ఉన్న స్వస్థత కాస్తా పోతుంది. ప్లాస్టిక్ కుర్చీలు, గోడ మీద సూర్యోదయం బొమ్మ, మైకు పట్టుకున్న కౌన్సెలరమ్మ. పాపం ఆ పిల్లకి ఇంకా పెళ్లి కాలేదు గానీ, కాపురాల గురించి తెలియనిది లేదు.

“అంకుల్, పేషెంట్ ముందు గొంతు పెంచకూడదు. కాదు, లేదు అనకూడదు. ఏం చేసినా మెచ్చుకోవాలి. నవ్వుతూ ఉండాలి!”

డ్రాయింగు చేతికిస్తే వెంట్రుకవాసి తేడా రానివ్వని మనిషి మేస్త్రి. ఇదీ అలాగే దించేశాడు. మందు దెబ్బకి ఆవిడ నాలుకకి రుచి పోయింది, ఉప్పు మరిచి కూర దించింది. “అద్భుతం” అన్నాడు. కుళాయి కట్టడం మరిచి ఇల్లంతా నీళ్లు చేస్తే నవ్వాడు. ఆ నవ్వు చూస్తే పసిపిల్లలు జడుసుకుంటారు.

చిత్రంగా ఆవిడా మెత్తబడింది. ఎదురుమాట లేదు. బియ్యం ఎక్కడున్నాయో, ఏ తాళం దేనిదో మొగుడికి ఓపిగ్గా చూపించింది. చెల్లెల్ని పిలిచి మంచి చీరలన్నీ ఇచ్చేసింది. మేస్త్రి ఈ ముచ్చట రెండో అంతస్తులో చెబితే చప్పట్లు మోగాయి.

“చూశారా అంకుల్, ఇంట్లో ఎంత ప్రశాంతతో!” అంది కౌన్సెలరమ్మ.

నాలుగో కీమో రోజు ఆవిడ మంచం దిగలేదు.

“బండి వచ్చింది, కాస్త లేస్తావా?” అన్నాడు మేస్త్రి, మాటకి తేనె పూసి.

“నేను రాను. ఇంకెందుకు ఆ సూదులు? డాక్టరు మీకు చెప్పేశాడుగా.”

“ఏం చెప్పాడు? గడ్డ సగానికి తగ్గిందని నీ ముందేగా అన్నాడు!”

“నా ముందు అలాగే అంటాడు. మీ చెవిలో ఇంకోటి ఊది ఉంటాడు. లేకపోతే పదిహేను రోజులుగా నన్నొక్క మాట అనరా? మా చెల్లెలు ఊసేసిన కూర మీకు అద్భుతమా? పోయేవాళ్లతోనే అలా మాట్లాడతారు.”

మేస్త్రికి ఒళ్లు మండింది.

“ఓసి నీ తెలివి తగలెయ్య! ఆ పిల్ల చెప్పిందనే కదే నోరు కట్టుకుని చచ్చాను! ఆ గడ్డి తిని, పైగా మెచ్చుకుని! లేవవే ముందు!”

పక్కింటి కిటికీ తెరుచుకుంది. ఆవిడ మొగుడి మొహంలోకి తేరిపార చూసింది.

“అయితే నేను బతుకుతానా?”

దీనికి ఏం చెప్పాలో రెండో అంతస్తులో నేర్పలేదు. మేస్త్రి మంచం అంచున కూలబడ్డాడు.

“తెలీదే. నాకు చచ్చేంత భయంగా ఉంది.” అంత గొంతూ గుసగుసైపోయింది.

“ఆ మాట ముందే ఏడవచ్చుగా!” అని విసుక్కుని, లేపమని ఆవిడ చెయ్యి చాపింది.