నాయన నీళ్ళలో తోలిన చాలు

అప్పట్లో నాకు తెలియని సంగతంటూ ఏదైనా ఉంటే, అది నా ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయినందువల్లే తప్ప ఇంకెందువల్లా కాదని నమ్మేదాన్ని. ఫిషరీస్ డిప్లొమా పూర్తిచేసి, కంభం చెరువు దగ్గర చేపలు పట్టేవాళ్ళకు సలహాలిచ్చే కాంట్రాక్టు ఉద్యోగంలో చేరి నాలుగు నెలలైంది. (ఆ నాలుగు నెలల్లో నా దగ్గరికొచ్చి సలహా అడిగినవాడు ఒక్కడే. ఆయన అడిగింది కూడా మార్కాపురం బస్సు ఎన్నింటికని.) మాది పుల్లలచెరువు వైపు అడవి అంచున ఒక పల్లె. మండలం పేరులోనే చెరువుంది గాని, ఎండాకాలం బిందెడు నీళ్ళకు ట్యాంకరు రావాల్సిందే. కంది, ఆముదం వేసి ఆకాశం వైపు చూసే ఇంట్లో పుట్టి చేపల చదువు ఎందుకు చదివానంటే, నీళ్ళ అడుగున ఏం జరుగుతుంటుందో చూడాలని చిన్నప్పటి నుంచీ నాకు మహా కుతూహలం. మా నాయనకు మాత్రం అది బొత్తిగా అర్థమయ్యేది కాదు.

"చేపలకు నువ్వు చెప్పేదేందమ్మా? వాటికి ఈత రాదా?" అనేవాడు. శివరాత్రికి ఇంటికి పోయినప్పుడు తేల్చి చెప్పేశాడు. "ఉగాది లోపల ఆ చెరువులో ఒక్క చేప, ఒక్కటంటే ఒక్కటి, నీ చేత్తో పట్టి నాకు చూపించు. చూపించినావా, ఇంక నీ ఉద్యోగం జోలికి రాను. లేదంటే గమ్మున వచ్చి బీఈడీకి కట్టు." నేను రోషంగా సరేనన్నాను. అన్నాక గుర్తొచ్చింది, చేపల పుట్టుక నుంచి రోగాల దాకా అన్నీ పరీక్షలో రాశాను గాని, పట్టడం మా సిలబస్‌లో లేదని.

ఇక ఫోన్‌లో వీడియోలే దిక్కు. చలి దేశాల్లో మంచు కరిగీ కరగగానే జనం చెరువుల మీద పడతారట. పడవ వెనకాల దారం వదిలి, దాని కొసన ప్లాస్టిక్ బొమ్మ చేపను కట్టి నిదానంగా లాక్కుంటూ పోతారు. బొమ్మ పొట్ట కింద గేలం, మూతి కింద చిన్న రేకు ఉంటాయి. పడవ కదిలేకొద్దీ ఆ రేకు నీళ్ళను కోసుకుంటూ బొమ్మను మూరెడు లోతుకు దించుతుంది, అక్కడది ఒళ్ళు తిప్పుకుంటూ నిజం చేపలాగే ఈదుతుంది. చిన్న చేపల్ని మింగే పెద్ద చేప ఏదో వచ్చి దాన్ని కరుస్తుంది. మనకూ వాలుగ ఉంది కదా, దానికీ చిన్న చేపలే తిండి కదా అనుకుని ఆన్‌లైన్‌లో గేలపు కర్రతో పాటు ఒక బొమ్మను తెప్పించాను. ఉద్యోగం సంగతి సరే, ప్రాణమున్న చేప ప్లాస్టిక్‌ను చూసి మోసపోతుందా లేదా అన్నదే నాకు నిద్ర పట్టనివ్వలేదు.

నన్ను చెరువులోకి తీసుకుపోవడానికి ఒప్పుకున్నది పుట్టి మామ. నలభై ఏళ్ళుగా పుట్టి నడుపుతున్న పెద్దాయన. బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి, "పాపా, ఇట్లాంటిది మా మనవడి దగ్గర కూడా ఉంది. తొట్లో వేసుకొని ఆడుకుంటాడు" అన్నాడు. పడవైతే తిన్నగా పోతుంది గాని పుట్టి గుండ్రంగా ఉంటుంది కాబట్టి తిరుగుతుంది. మొదటి రోజు దారమంతా మా ఇద్దరి చుట్టూ చుట్టుకుంది. ఆ తర్వాత రెండు వారాల పాటు పొద్దున్నే పోయి నేను పట్టినదల్లా నాచు. పశువులు తినేదైతే దాంతో ఒక బర్రెను మేపేదాన్ని. "చెరువు శుభ్రం చేయిస్తారని విన్నాగాని, ఇట్ల చేయిస్తారనుకోలేదు పాపా" అన్నాడు మామ.

ఉగాది ఇంకా మూడు రోజులుందనగా నాయన దిగాడు, చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు, అందులో నా మార్కుల లిస్టుల జిరాక్సులు. (బీఈడీకి అవన్నీ కావాలని ఎవరో చెప్పారట.) తానూ పుట్టిలోకి వస్తానన్నాడు. జన్మలో నీళ్ళ మీద అడుగు పెట్టనివాడు, రెండు చేతులా అంచులు పట్టుకుని కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. నేను బొమ్మను వదిలాను. నాచు. మళ్ళీ వదిలాను. మళ్ళీ నాచు. మూడోసారి నాకు ఏడుపొచ్చినంత పనైంది. అప్పుడు నాయన కళ్ళు తెరిచి దారం వైపు చూశాడు.

"ఎంత దూరం వదిలినావు?"

"రీలంతా, నాయనా."

"అదే మరి! కాడి అంత దూరం కడితే కర్రు లోతుకు దిగక ఏం చేస్తాది? పైపైన దున్నాలంటే కాడి దగ్గరికి కట్టాల."

నాగలికీ కాడికీ మధ్య దూరం పెంచితే కర్రు లోతుకు దిగుతుంది, తగ్గిస్తే పైకొస్తుంది. బొమ్మ మూతి కింద రేకు చేసేదీ అదే పని, దారం పొడుగయ్యేకొద్దీ బొమ్మను అడుగున నాచులోకి దించుతుంది. (వీడియోల్లో వాళ్ళూ ఇదే చెప్పి ఉంటారు. నేనేమో చేప పడే చోటికి జరుపుకుని చూసేదాన్ని.) దారం ముప్పాతిక భాగం చుట్టేశాను. "ఇటియ్యి" అని నాయన కర్ర తీసుకున్నాడు. అంతటితో ఆగాడా, "బావా, చాలు వంకర పోతాంది. ఆ కొండ మీద ఒంటి చెట్టుంది చూడు, దాని మీదే చూపు పెట్టి తోలు" అని పుట్టి మామకే పాఠం చెప్పాడు. "నలభై ఏండ్లకు నాకొక గురువు దొరికినాడు" అని గొణుక్కుంటూనే మామ చెట్టు వైపు తెడ్డు వేశాడు. పుట్టి తిరగడం తగ్గింది. నాయన భయం మరిచిపోయి, లేని ఎద్దుల్ని నాలుకతో అదిలిస్తూ నాచు మీదుగా బొమ్మను లాగుతున్నాడు.

ఉన్నట్టుండి కర్ర వంగింది. "రాయి తగిలింది!" అని నాయన అరిచాడు. నాగలికి రాయి తగిలితే రైతు చెయ్యి ఏం చేస్తుందో ఆయన చెయ్యీ అదే చేసింది, చటుక్కున పైకెత్తింది. గేలం గట్టిగా దిగింది. మామ చేతివలతో పైకి తీస్తే మూరెడు వాలుగ, నోట్లో అడ్డంగా నా ప్లాస్టిక్ బొమ్మ.

సంతోషంతో చప్పట్లు కొట్టబోయి ఆగిపోయాను. పందెం నా చేత్తో పట్టాలని కదా. పట్టింది నాయన. నేను ఓడిపోయాను. ఆయన మాత్రం ఆ చేపనూ బొమ్మనూ మార్చి మార్చి చూస్తున్నాడు.

"అమ్మా, ఇది తినాలనే కరిచిందా, ఏందో చూద్దామని కరిచిందా?"

"తెలీదు నాయనా."

"తెలుసుకో మరి. నువ్వు చదివింది దానికే గదా."

గట్టుకు రాగానే కవరులోంచి జిరాక్సులు తీసి నా చేతిలో పెట్టి, చేపను అందులో వేసుకున్నాడు. బస్టాండులో ఎవరో చూసి, "అబ్బో, పెద్ద వాలుగే! ఎవరు పట్టినారు పెద్దాయనా?" అనడిగారు. నాయన నా వైపు చూడకుండా, "మా పాప పట్టింది" అన్నాడు.

ఇప్పుడు కొత్తగా చేరే పిల్లలకు నేనే నేర్పిస్తున్నాను. పంటిగాట్లు పడ్డ ఆ బొమ్మ నా టేబుల్ మీదే ఉంటుంది. "మేడమ్, మీ మొదటి చేపా?" అని అడిగితే అవునంటాను, నాయన మాట తీసేయలేను కదా. ఆయన అడిగినదానికి మాత్రం ఇంకా జవాబు దొరకలేదు. చూద్దామనే కరిచి ఉంటుందని నా అనుమానం. ఏం జరుగుతుందో చూద్దామని ఆ ప్లాస్టిక్ బొమ్మ మీద ఉద్యోగమే పందెం కాసిన అప్పటి నన్ను తలుచుకుంటే, పాపం, ఆ వాలుగను తప్పుపట్టబుద్ధి కాదు.