ఫుట్‌నోట్‌లో బాబాయి పేరు

మా పిన్ని యూనివర్సిటీ గేటు ఎదుట థీసిస్‌లు టైపు చేసేది. మార్జిన్లు చెడగొట్టుకొచ్చినవాడు ఎంత పెద్ద స్కాలరైనా సరే, స్టీలు స్కేలుతో వేళ్ల మీద ఒక్కటిచ్చేది. "ఎవరి మాట ఎవరిదో పేజీ అడుగున సరిగ్గా రాయి, లేకపోతే తోలు తీస్తా" అనేది. అయినా అందరూ చచ్చినట్టు ఆవిడ దగ్గరికే వచ్చేవారు.

తగలబడిన మిల్లు మీద థీసిస్ రాసే మహానుభావుడొకడు దాపురించాడు. మంటలప్పుడు బయట తాళం వేసింది మేస్త్రీయేనని పక్క సందులో బట్టలు కుట్టే ఆవిడ వాడికి చెప్పింది. ఆ మాటకు ఫుట్‌నోట్‌లో "పైదే" అని ఉంది. అంటే, అంతకుముందు నోట్‌లో ఎవరి పేరుంటే వాళ్లే చెప్పారని. అక్కడున్నది కుట్టే ఆవిడ పేరే. పిన్ని టైపు చేసిచ్చాక వాడు మధ్యలో ఇంకో పేరా దూర్చాడు. ఒకప్పుడు ఆ మిల్లులోనే పనిచేసిన మా బాబాయి అక్కడి జీతాల గురించి చెప్పిన ముక్క అది, బాబాయి పేరున్న నోటుతో సహా. ఇంకేముంది, కింద ఉన్న "పైదే" కాస్తా బాబాయి నెత్తిన పడింది! తాళం సంగతి ఎత్తితేనే లేచి వెళ్లిపోయే మనిషి బాబాయి. థీసిస్ అలాగే బైండై లైబ్రరీకి పోయింది.

ఆ పేజీ సంగతి చెవిన పడి, మేస్త్రీ కొడుకులిద్దరూ పట్టపగలే ఇనప రాడ్లతో పిన్ని షాపులో పడ్డారు. మొదటి దెబ్బకే బాబాయి మోకాలు విరిగింది. రెండో దెబ్బకు పళ్లు రాలి కీబోర్డు మీద పడ్డాయి. పిన్ని స్కేలుతో ఒకడి చెవి చీరేసింది. వాడు ఆవిడ జుట్టు పట్టుకుని తల ప్రింటరుకేసి బాదాడు. అడ్డం పోయిన నన్ను ఇంకొకడు కడుపులో తన్నాడు.

"ఒరేయ్, చెప్పింది ఆయన కాదురా! నోటు తప్పు పడింది!" అని పిన్ని అరిచింది.

"మరెవరే? పేరు చెప్పు, వదిలేస్తాం."

పిన్ని నోరు తెరిచింది. చెబితే బాబాయి బతుకుతాడు, రాడ్లు పక్క సందుకు పోతాయి. దేవుడా, చెప్పెయ్యమనే నేను కోరుకున్నాను.

"నేనే చెప్పాను" అన్నాడు బాబాయి, నెత్తురు ఉమ్మి. "మీ నాన్నే తాళం వేశాడు. నా కళ్లతో చూశాను."

మూడో దెబ్బ తల మీద పడింది. ఆస్పత్రికి చేరేలోపే పోయాడు.

తర్వాత ఆ స్కాలరు ఏడుస్తూ వచ్చాడు. తప్పు దిద్ది, కుట్టే ఆవిడ పేరు పెడతానన్నాడు. పిన్ని వాడి చెంప పగలగొట్టింది.

"ఏం దిద్దుతావురా? ఆ మాట ఆయనదే. కూర్చో. 'పైదే' తీసెయ్. ఆయన పేరు ఇంటిపేరుతో సహా పూర్తిగా టైపు చెయ్."