సుగుణకు చెప్పని ప్రయాణం

నేను రాకెట్ ఎగరడం చూశాను. కళ్ళారా చూశాను. ఇంకొకరయితే పదిమందిని కూర్చోబెట్టి చెప్పుకునే సంగతి. నేను ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. టీవీలో రాకెట్ కనిపిస్తే ఛానల్ మారుస్తాను. కక్కలేను, మింగలేను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాననుకుంటా.

మాది చంద్రపూర్ పక్కన పద్మాపూర్ గనుల దగ్గరి కాలనీ. మా ఆయన గనిలో పని చేస్తుండగానే జబ్బుచేసి పోయాడు. ఆయన బదులు నాకు ఆఫీసులో గుమాస్తా పని ఇచ్చారు. ఒక్కతే కూతురు, స్వప్న. పెళ్ళయి నాగపూర్ వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఇంట్లో నా గొంతు నాకే వినబడని రోజులు ఉండేవి. సాయంత్రం వచ్చి తాళం తీస్తే పొద్దున తాగిన గ్లాసు పెట్టినచోటే ఉండేది. అంతే. దాన్ని కదిపేవాళ్ళు కూడా లేరు.

అట్లాంటి రోజుల్లో నాకు దొరికిన మనిషి సుగుణ. మా ఎదురు వరుసలో ఉండేది. మరాఠీ బడిలో సైన్సు టీచరు. పెళ్ళి చేసుకోలేదు. తల్లి ఉన్నంతకాలం తల్లిని చూసుకుంది, ఆమె పోయాక ఒక్కతే. వాళ్ళ నాన్న కూడా మా మామగారిలాగే తెలంగాణ నుంచి బొగ్గు పనికి వచ్చినవాడు. నాకంటే చిన్నది, అక్కా అని పిలిచేది. బడి వదిలాక తన ఇంటికి పోకుండా ముందు నా గుమ్మం దగ్గరే చెప్పులు విడిచేది. నా పొయ్యి మీద తనే టీ పెట్టేది. ఆమె వండిన కూర నేను తినేదాన్ని, నా గిన్నెలోది ఆమె తినేది. వాళ్ళు క్రైస్తవులు, దళితులు. మా కులం వేరు. ఆ మాట మా ఇద్దరి మధ్య ఎన్నడూ రాలేదు. రాలేదు కాబట్టి నాలో అది లేదనుకున్నాను.

సుగుణకు రాకెట్లంటే పిచ్చి. ఏ ప్రయోగం ఎప్పుడో పండుగ తేదీలు చెప్పినట్టు చెప్పేది. నేను పాత కారొకటి కొని నడపడం నేర్చుకోగానే ఆమె ఆశకు కాళ్ళు వచ్చాయి.

"నీకు బండి నడపొస్తది, నాకు తొవ్వ ఎరుక. ఇంకేం గావాలె అక్కా?" అంది.

బడిలో చిరిగిందని తీసేసిన భారతదేశ పటం తెచ్చి నా భోజనాల బల్ల మీద పరిచింది. మా ఆయన పోయాక డబ్బాలో మిగిలిపోయిన నా స్టిక్కర్ బొట్లు అడిగి తీసుకుని, పోవాల్సిన ఊళ్ళ మీద అంటించింది. రాకెట్లు ఎగిరే శ్రీహరికోట. ఉపగ్రహాలు తయారయ్యే బెంగళూరు. కేరళ సముద్రం ఒడ్డున తుంబా. మన దేశంలో మొట్టమొదట రాకెట్ ఎగరేసింది అక్కడే. అప్పట్లో ఒక పాత చర్చినే పనిచోటుగా వాడుకున్నారు, ఇప్పుడది రాకెట్ల మ్యూజియం. ఈ సంగతి చెప్పేటప్పుడు ఆమె గొంతు తగ్గేది.

"చర్చిల రాకెట్లు, అక్కా. అండ్ల ఒక్కపారి నిలబడాలె నేను."

మేమిద్దరం అప్పటికి సముద్రం చూడలేదు. రాజురా, ఆసిఫాబాద్, మంచిర్యాల, వరంగల్, విజయవాడ, ఒంగోలులో రాత్రి పడక, నెల్లూరు దాటాక సూళ్ళూరుపేట. సాయంత్రాలన్నీ ఈ పేర్లతో గడిచేవి. ఇద్దరు ఆడవాళ్ళే దిగినా భయం లేని లాడ్జీ ఏదో ఆమె ఫోన్లు చేసి కనుక్కుంది. ప్రయోగం రోజున గ్యాలరీలో కూర్చోవాలంటే పేర్లు ముందుగా ఎట్లా నమోదు చేసుకోవాలో తెలుసుకుంది. దీపావళి సెలవులు అనుకున్నాం, నాకు సెలవు దొరకలేదు. ఎండాకాలం అనుకున్నాం, ఆమెకు ఎన్నికల డ్యూటీ పడింది. అయినా మాకు తొందర లేదు. పోవడం కన్నా పోదామనుకోవడమే బాగుండేదేమో. నాకైతే అంతే. ఆమెకు కాదని ఇప్పుడు తెలుస్తోంది.

అప్పుడు మా అల్లుడు ఫోన్ చేశాడు. సెలవుల్లో వాళ్ళ అమ్మానాన్నలతో తిరుపతి పోతున్నారట, పెద్ద బండి మాట్లాడాడట, నన్నూ రమ్మన్నాడు. దారిలో చూసేవి ఇంకేమైనా ఉన్నాయా అని అడిగాడు. నేను ఉబ్బిపోయి శ్రీహరికోట అన్నాను. ఆ వారంలోనే ప్రయోగం ఉందని కూడా చెప్పాను. అది సుగుణ చెబితే తెలిసిందే. పటం ఫొటో తీసి పంపాను. అతను సంతోషించి, "మీ టీచర్ దోస్తును గూడ తీస్కరాండ్రి అత్తమ్మా, ఒక సీటు ఖాళీ ఉన్నది" అన్నాడు.

ఫోన్ వాళ్ళ అమ్మ తీసుకుంది. మా వియ్యపురాలు. ఎన్నడూ నన్ను ఒక్క మాట అనని మనిషి.

"ఎవరు వదినా ఆమె? మనోళ్ళేనా?"

ఏమడుగుతోందో నాకు తెలుసు.

"కాదు. కిరస్తానపోళ్ళు."

"గట్లనా," అంది. ఇంకేమీ అనలేదు. వద్దనలేదు. ఫోన్‌లో కొంచెంసేపు ఎవరి మాటా లేదు. ఆ కొంచెంసేపు ఆగలేకపోయాను.

"ఆమె రాదులే వదినా. ఆమెకు సెలవు దొరకది," అన్నాను.

ఎన్నిసార్లు ఆ మాటను తిరగేసి చూసుకున్నానో. వియ్యపురాలి మీదికి నెట్టాలని చూశాను. కూతురి కాపురం కోసం అన్నానని నాకు నేనే చెప్పుకున్నాను. కానీ ఎవరు బెదిరించారు నన్ను? ఎవరూ లేరు. అల్లుడు రమ్మన్నాడు, ఆమె ఊరుకుంది. వద్దన్నది నేనొక్కదాన్నే. ఒకే గదిలో పడుకోవడం, ఒకే టిఫిన్ డబ్బాలో చేతులు పెట్టడం వియ్యపురాలు చూస్తే నన్నేమనుకుంటుందో అన్న సిగ్గు. రోజూ తినే మనిషి పక్కన తినడానికి సిగ్గు. అది నాలోకి ఎప్పుడొచ్చింది? బహుశా ఎక్కడికీ పోలేదు, నా వంటింట్లో చూసేవాళ్ళు లేక అణిగి ఉంది.

సుగుణకు వేరే అబద్ధం చెప్పాను. స్వప్న కూతురికి జ్వరం, నాగపూర్ పోతున్నాను, వారం పడుతుంది అన్నాను. ఆమె ముఖం చిన్నబోయింది. ఆ సాయంత్రమే పల్లీల లడ్డూలు చేసి తెచ్చింది. జ్వరం తగ్గాక పెట్టమంది, బలం వస్తుందంది. ఆదివారం చర్చిలో పాప కోసం ప్రార్థన చేయించింది. నిక్షేపంగా ఉన్న పిల్ల కోసం పదిమందిని మోకరింపజేశాను నేను.

ఆ లడ్డూలు మా మనవరాలు బండిలో కూర్చుని తింది. దారి పొడుగునా సుగుణ అనుకున్న చోట్లే ఆగాం, ఆమె కనుక్కున్న లాడ్జీలోనే దిగాం. "వదినకు ఎంత తెలివి," అని వియ్యపురాలు మెచ్చుకుంది. నేను నవ్వాను. కాదనలేదు.

గ్యాలరీలో జనం లేచి నిలబడ్డారు. దూరంగా చెట్ల పైనుంచి ఒక వెలుగు లేచింది. మొదట చప్పుడు లేదు. అది పైకి పోతూ ఉంటే అప్పుడు వచ్చింది చప్పుడు, నేల మీదుగా నడిచి వచ్చినట్టు వచ్చి గుండెలో కొట్టింది. అందరూ కేకలు వేశారు. నాకు ఏడుపొచ్చింది. పక్కకు తిరిగి సుగుణ చెయ్యి పట్టుకోబోయాను, అక్కడ వియ్యపురాలు ఉంది. అంతమందిలో నేను అంత ఒంటరిగా ఎప్పుడూ లేను. దిష్టి తగులుతుందని చెప్పి, ఫొటోలు ఎక్కడా పెట్టవద్దని స్వప్న దగ్గర మాట తీసుకున్నాను.

తిరిగొచ్చిన మర్నాడు సుగుణ వచ్చి పాప గురించి అడిగింది. తగ్గింది అన్నాను. ఆమె కళ్ళు మూసుకుని దేవుడికి స్తోత్రం చెప్పుకుంది. టీ పెట్టి, మళ్ళీ పటం పరిచింది.

అప్పటినుంచి నేను చూసొచ్చిన దారిని చూడనట్టు వినాలి. మధ్యాహ్నాలు గనిలో బ్లాస్టింగ్ జరిగితే మా కిటికీ అద్దాలు వణుకుతాయి. ఒక సెలవురోజు అట్లా వణికినప్పుడు సుగుణ తల ఎత్తి, "రాకెట్ చప్పుడు గిట్లనే ఉంటదంటవా అక్కా?" అని అడిగింది. గిట్ల ఉండదు. ఇది ఒక్క దెబ్బ కొట్టి ఆగిపోతుంది. అది ఆగదు. నాకు తెలుసు, నాలిక చివర ఉంది. "ఎట్లుంటదో ఏమో," అన్నాను.

ఇట్లా ఏళ్ళు గడిచాయి. చివరికి ఒక ఎండాకాలం నేనే పట్టుబట్టి బయలుదేరదీశాను. తప్పు దిద్దుకుంటున్నాననుకున్నాను. ఆమె కూడా చూస్తే సమానమవుతుంది, ఇక చెప్పాల్సిన పని ఉండదు. ఇదీ నా లెక్క. పులికాట్ సరస్సు మధ్యలోంచి పోయే రోడ్డు మీద ఆమె కారు ఆపమని దిగి, నీళ్ళ వైపు చేతులు కట్టుకుని నిలబడింది. నేను స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాను.

ప్రయోగం జరగలేదు. ఆ పొద్దున ఆకాశమంతా మబ్బు కమ్మింది, గాలి లేచింది. గ్యాలరీలో గంటలు కూర్చున్నాక వాయిదా అని మైకులో చెప్పారు. జనం గొణుక్కుంటూ లేచి పోయారు. సుగుణకు మిగిలిన సెలవు బెంగళూరు, తుంబాలకే సరిపోతుంది, మళ్ళీ తేదీ చెప్పేదాకా ఆగలేం. నేను లేవలేకపోయాను. ఏడుస్తున్నానని ఆమె చూసింది. పక్కన కూర్చుని వీపు నిమిరింది.

"బాధపడకు అక్కా. ఇద్దరం జూడలే గద," అంది. "నేనొక్కదాన్నే జూసి నువ్వు జూడకుంటే, నాకు ఇంటికొచ్చి నీ మొఖం జూసుడు కష్టమయ్యేది."

అప్పుడు చెప్పాల్సింది. అంతకన్నా మంచి చోటు, మంచి సమయం నాకు దొరకదు. "ఊఁ" అన్నాను. ఆమె నా కొంగుతోనే నా కళ్ళు తుడిచింది.

బెంగళూరులో నక్షత్రశాల చూసి తుంబా చేరాం. చర్చిలో ఆమె చెప్పులు విడిచి నిలబడింది. నేనూ నిజంగా కొత్తగా చూస్తున్న చోటు అది. నాకు తెలియకుండానే ఆమెకు అన్నీ చూపించాను, అడిగాను, నవ్వాను. బయటికొచ్చాక, "శ్రీహరికోటల నువ్వు గిట్ల సంబురపడలే," అంది. రాకెట్ లేవలేదు కదా అన్నాను. ఆమె నన్ను కొంచెంసేపు చూసి, కొబ్బరినీళ్ళు తాగుదాం పద అంది. ఏం చూసిందో నాకు తెలియదు. తెలుసుకోవాలని ఉందా? కొన్నిరోజులు ఉంటుంది. కొన్నిరోజులు ఆ ఆలోచనకే భయం.

సుగుణ రిటైరై గోండ్‌పిప్రిలో తమ్ముడి ఇంటికి వెళ్ళింది. ఆమెకు మోకాళ్ళు బాగాలేవు, బండిలో ఎక్కువ దూరం కూర్చోలేకపోతోంది. నేనూ కాలనీ ఖాళీ చేసి చంద్రపూర్‌లో ఒక గది తీసుకున్నాను. ఆదివారం చర్చి అయ్యాక ఫోన్ చేస్తుంది. ఇంకోసారి పోదాం అక్కా, ఈసారి పక్కా లేస్తది అంటుంది. పోదాం అంటాను. ఫోన్ పెట్టేశాక మళ్ళీ ఆదివారం దాకా పలకరించేవాళ్ళు ఉండరు. ఉండకపోవడమే న్యాయమనిపిస్తుంది ఒక్కోసారి.

చెప్పవచ్చు కదా అంటారు మీరు. చాలాసార్లు ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. రాకెట్ చూశాను, నీకు చెప్పలేదు అని అనగలను. అది విని ఆమె ఒక పూట అలిగి నవ్వేస్తుందని కూడా తెలుసు. కానీ తర్వాత అడుగుతుంది, నన్నెందుకు తీస్కపోలే అక్కా అని. దానికి జవాబు ఒక్కటే ఉంది. ఆ జవాబు విన్నాక మేము కలిసి తిన్న ప్రతి ముద్దా ఆమెకు ఇంకోలా కనిపిస్తుంది. ఆమె క్షమిస్తుంది, అది ఆమె నమ్మకం. క్షమించి, ఆ తర్వాత నా ఇంట్లో టీ పెట్టుకోవడానికి ఒక క్షణం ఆగుతుంది. ఆ ఆగడం చూడలేక నేను నోరు మూసుకున్నాను. ఇది ఆమె మీద ప్రేమా, నా మీద ప్రేమా? రెండోదే. రాస్తూ ఉంటే స్పష్టంగా కనిపిస్తోంది.

కాబట్టి ఆమెతో అనలేనిది మీతో అంటున్నాను. నేను సుగుణను కులం చూసి వదిలేశాను. ఎవరూ అడగకుండానే. ఈ మాట నా చేత్తో రాసి చదువుకోవడం ఇదే మొదటిసారి. మీరు ఏమీ అననక్కర్లేదు. ఇప్పటిదాకా నాకొక్కదానికే తెలుసు. ఇప్పుడు మీకూ తెలుసు.